తలుపు వేసిన ముంగిస

“ఒక తలుపు వేయడం కూడా చేతకాదా నీకు?”

భర్త అన్న ఈ మాట రెండు నెలలుగా ఆమె చెవిలోనే కాపురం పెట్టింది. ఐదింటికి లేచి ఇల్లు ఊడ్చి, ముగ్గురికీ వండి, డబ్బాలు సర్ది, పెరట్లోకి వెళ్లి కోళ్ల గూడు కింద రెట్ట గీకి, బూడిద చల్లి, నీళ్ల ముంత కడిగి నింపి, నూకలు పోసి, తలుపుకి గొళ్లెం పెట్టి, దాని మీద ఇనప తీగ మెలిపెట్టి, ఏడింటికల్లా పనికి బయల్దేరుతుంది. సైకిల్ షాపు మలుపు దాకా బాగానే నడుస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఆ మాట వినిపిస్తుంది. తలుపు వేశానా? కళ్ల ముందు వేసిన తలుపూ కనిపిస్తుంది, తీసిన తలుపూ కనిపిస్తుంది. మీరే చెప్పండర్రా అని చేతుల్ని అడుగుతుంది. చేతులు పలకవు. ఇక కాళ్లే వెనక్కి తిరుగుతాయి. వచ్చి చూస్తే తలుపు వేసే ఉంటుంది. మళ్లీ పరుగు. ఆమె పనిచేసేది స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు అక్కడ నల్లబోర్డు మీద రాస్తారు. ఆమె పేరు రాసీ రాసీ విసుగొచ్చి, యజమాని దాన్ని చెరపడం మానేశాడు. సుద్దముక్క దండగ అన్నాడు. నలభై మంది నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట అంటారు.

ఆ గూడు ఆమె చేతిపనే. కూతురు ఉద్యోగమని వేరే ఊరు వెళ్లిన ఏడాది, పాత చెక్కలూ రేకు ముక్కలూ ఏరి తనే కట్టింది. ముందు చిన్న ఆవరణ, చుట్టూ ఇనప వల, అన్నిటికీ కలిపి ఒకటే తలుపు. పెంచడం నష్టపోయే నేర్చుకుంది. చీమలు పట్టి పిల్లలు చచ్చిపోతే గూడు కాళ్ల కింద నీళ్ల డబ్బాలు పెట్టింది. పేలు పడి పెట్టలు గుడ్డు మానేస్తే, అవి పొర్లాడడానికి గుంట తవ్వి బూడిద నింపింది. కుక్క నేల తవ్వుకుని దూరితే, వలని జానెడు లోతున పాతి, అంచు బయటికి మడిచి రాళ్లు పేర్చింది. గద్ద తిరుగుతుంటే పైన కూడా వల కప్పింది. ఇప్పుడామెకి ఎవరు ఎలా తింటారో కంఠతా వచ్చు. ముంగిస మెడ కొరుకుతుంది, ఒక్కదానితో ఆగదు, దొరికినదాన్నల్లా చంపి పోతుంది. పిల్లి గోడవార ఈకలు వదులుతుంది. పాము గుడ్లు మింగుతుంది గానీ పెట్ట జోలికి పోదు. ఎలుక పెంకులు మిగులుస్తుంది. ఎవరి సంతకం వాళ్లది.

అలాంటిది, రెండు నెలల్లో మూడు పెట్టలు మాయమయ్యాయి. ఒక ఈక లేదు, ఒక నెత్తురు చుక్క లేదు. మూడూ పగటిపూటే, ఆమె పనిలో ఉండగానే.

“ముంగిస,” అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. “నువ్వు తలుపు బార్లా తీసి పోతావు, అది విందు చేసుకుంటుంది.”

“తలుపు వేసే ఉందండీ. ఇప్పుడే చూసొచ్చా.”

“నేనే వేశానమ్మా,” అంది అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరుతూ. “తీసి ఉంటే చూసి వేశా. నీకీ మధ్య మతిమరుపు ఎక్కువైంది.”

మూడుసార్లూ అదే మాట, అదే వరసలో. మొదటిసారి ఆమె వాదించింది. రెండోసారి గొణిగింది. మూడోసారి నోరెత్తలేదు. నిజమేనేమో అనుకుంది. అలా అనుకున్న రోజు నుంచీ కోళ్ల తలుపొక్కటే కాదు, అన్నీ అనుమానమే అయ్యాయి. స్టవ్ ఆపి మళ్లీ చూడ్డం, కుళాయి కట్టి మళ్లీ తడమడం, కుట్టిన గుండీని లాగి లాగి చూసి తెంపేయడం. పక్కవాళ్ల మీద నమ్మకం పోతే మనిషి జాగ్రత్తపడి బతకొచ్చు. తన చేతుల మీద తనకే నమ్మకం పోతే ఏ చేతులతో బతకాలి? ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంటిని ఎత్తి నిలబెట్టిన చేతులు, ఒక తీగ మెలిపెట్టామో లేదో చెప్పలేని స్థితికి వచ్చేశాయి.

మూడో కోడి పోయిన రోజున భర్త తీర్పు చెప్పాడు. ఆయన గోడౌన్లో గుమాస్తా. ఇన్‌ఛార్జి పోస్టు ఈసారి తనదేనని ఆశ. ఇంట్లో మాత్రం ఎప్పుడో ఇన్‌ఛార్జి అయిపోయాడు. “ఇంకొక్క కోడి పోయిందా, ఆ గూడు పీకించి నా బండికి షెడ్డు వేయిస్తా. ఎండకి సీటు చిరిగిపోతోంది. నీ మతిమరుపుకి ఇదే ఆఖరి పరీక్ష.”

ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు ఆ గూడొక్కటే. వంటిల్లు కూడా ఆమెది కాదు. అక్కడ ఉప్పు అత్తగారిది, కారం భర్తది, కడగడం ఆమెది. పెరట్లో మాత్రం ఆమె ‘బా బా’ అంటే వచ్చేవాళ్లున్నారు, ‘హుష్’ అంటే ఆగేవాళ్లున్నారు. వీధిలో వాళ్లు ‘కోళ్లమ్మ’ అని వెక్కిరిస్తే ఆమెకి కోపం రాలేదు. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాళ్ల పెళ్లాం అని పిలిచే వీధిలో, సొంత పనితో సంపాదించుకున్న పేరు అదొక్కటే.

మిగిలినవి ఒక పుంజు, మూడు పెట్టలు. అందులో ఒకటి గయ్యాళి. పొదుగుకి కూర్చుంటే దగ్గరికి ఎవరొచ్చినా పొడిచే పెట్ట కాబట్టి భర్తే ఆ పేరు పెట్టాడు. “ఇంటికి ఒక గయ్యాళి చాలదా?” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. గయ్యాళి ఇప్పుడు పదకొండు గుడ్ల మీద ఉంది. గోడ మీద ఆమె రోజుకొక బొగ్గు గీత గీస్తోంది. పెట్ట రోజుకొక్కసారి దిగి, నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్లు తాగి, పావుగంటలో మళ్లీ ఎక్కుతుంది. పొట్ట కింది ఈకలు తనే పీక్కుంది, ఒంటి వేడి గుడ్లకి నేరుగా తగలాలని. పైన మాత్రం ఈకలు ఉబ్బించి బుట్టంత కనిపిస్తుంది. తెలియనివాళ్లు చూస్తే బలిసిందనుకుంటారు.

“మూల కూర్చుని తిని ఎలా బలిసిందో చూడు,” అన్నాడు భర్త ఒకరోజు పళ్లు తోముకుంటూ. “పనీ పాటా లేని కోడి.”

కూర్చున్నవాళ్లు చేసేది కూడా పనే అని ఆయనకి చెప్పబోతే పొద్దుపోతుంది.

పంతొమ్మిదో గీత గీసిన రోజు శనివారం. అత్తగారు తన కూతుర్ని చూసొస్తానని తెల్లవారుతూనే మొదటి బస్సుకి వెళ్లింది. ఆమె ఏడింటికి పనికి పోయింది. ఒంటిపూట పని ముగించుకుని ఒంటిగంటకి తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి నడిచింది. గొళ్లెం పెట్టి ఉంది. తీగ రెండు మెలికలు తిరిగి ఉంది. లోపల పుంజు ఉంది, రెండు పెట్టలున్నాయి. మూల బుట్టలో పదకొండు గుడ్లున్నాయి. గయ్యాళి లేదు.

ఆమె అక్కడే చాలాసేపు నిలబడింది. పొదిగే పెట్ట తలుపు తీసినా పోదు, తరిమినా పోదు, నిప్పంటుకున్నా గుడ్లు వదలదు. అంటే పట్టుకుంటే తప్ప పోదు. సరే, ముంగిసే పట్టుకుంది. మరి తలుపో? తను వేయలేదనే అనుకుందాం. తీసి ఉంటే చూసి వేయడానికి ఇవాళ అత్తగారు లేరు. ఆమె తీగ దగ్గరికి వంగి చూసింది. రెండు మెలికలు తిప్పి, కొస గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. తను ఎప్పుడూ కొస మడవదు. అంత తీరిక ఉండదు. ఆ ఇంట్లో కొసలు మడిచే మనిషి ఒక్కడే. కరెంటు బిల్లు కూడా అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టే మనిషి. ముంగిస తలుపు తీస్తుందేమో గానీ, పోతూ పోతూ వేస్తుందా?

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు కోళ్లు పెంచి ఉండడు.

ఏడుపు రాలేదు. రెండు నెలల బరువు ఒక్కసారిగా దిగినట్టయి, ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. కోడి పోయినందుకు కాదు. ఆ మలుపు దగ్గర తన చేతుల్ని తనే నిలదీసుకున్న పొద్దుటి పూటలన్నీ గుర్తొచ్చినందుకు. కానీ కోపం తర్వాతైనా చల్లారదు, గుడ్లు చల్లారిపోతాయి. ఒక గుడ్డు తీసి మూసిన కనురెప్పకి ఆనించి చూసింది. పైవి చల్లబడ్డాయి. అడుగువాటిలో ఇంకా గోరువెచ్చగా ఉంది. ఎండలు ముదిరిన రోజులు కాబట్టి సరిపోయింది. గోరువెచ్చని నీళ్లు గిన్నెలో పోసి గుడ్లు ఒక్కొక్కటే వదిలింది. నీళ్లు కదలకుండా ఊపిరి బిగబట్టి చూసింది. మూడు గుడ్లు రాళ్లలా ఉన్నాయి. ఎనిమిది మాత్రం తేలుతూ, లోపలెవరో పక్కకి ఒత్తిగిల్లినట్టు, చిన్నగా ఊగాయి.

మిగిలిన రెండు పెట్టలకీ పొదుగు మీద ధ్యాస లేదు. ఆమె బుట్టలో ఊక పోసి, ఎనిమిది గుడ్లూ తుడిచి పేర్చి, వేణ్నీళ్లు నింపిన సీసాలకి పాత గుడ్డలు చుట్టి పక్కన పెట్టి, వెనక వసారాలో గోడకి చేరబడి బుట్ట ఒళ్లో పెట్టుకుంది. పైన దుప్పటి కప్పుకుంది. కూతురు కడుపున ఉన్నప్పుడు కూడా ఆమె అంతసేపు కూర్చోలేదు. నొప్పులు మొదలయ్యాక, “గిన్నెలు తోమి బయల్దేరు, వచ్చేసరికి ఎండిపోతాయి,” అంది అత్తగారు. తోమే వెళ్లింది.

సాయంత్రం మొదట అత్తగారు వచ్చింది, వెనకే భర్త వచ్చాడు. ఆయన కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“ఏమిటే అది ఒళ్లో?”

“గుడ్లు.”

“ఒళ్లో ఎందుకు?”

“పొదుగుతున్నా.”

ఆయన పగలబడి నవ్వాడు. “అమ్మా, ఇలా రా! నీ కోడలు కోడైపోయింది!” నవ్వయ్యాక అన్నాడు, “సరే, టీ పెట్టు.”

“లేవకూడదు. వేడి పోతుంది.”

“మరి వంట?”

“వేడి పోతుంది.”

“ఎప్పటిదాకా ఈ వేషం?”

“సోమవారం దాకా.”

అప్పుడు గుర్తొచ్చినట్టు ఆయన గూడు వైపు చూశాడు. “అంటే కోడి మళ్లీ పోయిందన్నమాట. చెప్పానా లేదా? ఒక తలుపు వేయడం...”

“ముంగిసే వచ్చిందండీ,” అంది ఆమె తాపీగా. “బుద్ధిమంతురాలు. గొళ్లెం పెట్టి, తీగ రెండు మెలికలు తిప్పి, కొస ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి మరీ వెళ్లింది. ఇంతకీ మీ వేలికేమైంది?”

“గోడౌన్లో... రేకు గీసుకుంది.”

“జాగ్రత్తండీ. కొన్ని రేకులు పొడుస్తాయి.”

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. తర్వాత గొంతు పెంచాడు. నా ఇంట్లో కోడి నాది కాదా అన్నాడు. మేనేజరు గారు నాటుకోడి అంటే ప్రాణం పెడతారు, ఆ పోస్టు వస్తే అనుభవించేది మనం కాదా అన్నాడు. ‘మనం’ అన్నప్పుడు ఆమె తలెత్తి చూసింది. వండేటప్పుడు నువ్వు, తోమేటప్పుడు నువ్వు, పోగొట్టినప్పుడు నువ్వు. మేనేజరు దగ్గరికి వెళ్లేసరికి మనం. ఆమె దుప్పటి అంచు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆయన వంటింట్లోకి వెళ్లి టీ పొడి డబ్బా కోసం వెతికాడు. ఇరవై ఆరేళ్లుగా అది ఒకే చోట ఉంది. అయినా దొరకలేదు.

ఆదివారం తెల్లవారేసరికి సీసాలు చల్లారాయి. లేద్దామా వద్దా అని ఆమె తటపటాయిస్తుంటే, అత్తగారు వేణ్నీళ్ల చెంబుతో వచ్చి పక్కన చతికిలబడింది. సీసాలు వంపి, మళ్లీ నింపింది.

“వాడికి చిన్నప్పుడు నేనే నేర్పా,” అంది అత్తగారు, సీసాకి మూత బిగిస్తూ. “ఏ తలుపు తీసినా మళ్లీ వేసి రావాలని. తన్ని మరీ నేర్పా.”

“మరి తలుపు తీసి ఉందని, మీరే వేశారని నాతో ఎందుకన్నారు అత్తయ్యా?”

ముసలావిడ ఆమె మొహం చూడలేదు. “వాడు అలా అనమన్నాడు. ఇంటికి మంచే కదా అనుకున్నా. నిన్ను చూస్తే... నువ్వు మలుపు దాకా వెళ్లి వెళ్లి వెనక్కి వస్తుంటే కిటికీలోంచి చూసేదాన్ని. అదంతా ఇప్పుడెందుకులే. కాలుతోంది, గుడ్డ ఇంకో చుట్టు చుట్టు.”

తొమ్మిదింటప్పుడు గుమ్మం ముందు ఆటో ఆగింది. దిగిన మనిషి మేనేజరు గారి భార్య. చేతిలో మూతపెట్టిన బుట్ట. బుట్టలోంచి తిట్లులాంటి అరుపులు. భర్త బనీను మీద ఉన్నవాడు చొక్కా వెతుక్కుంటూ ఎదురు పరిగెత్తాడు.

“రండి రండి మేడమ్! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ని కదా.”

“మీరొస్తే ఇంకో కోడిని పట్టుకొస్తారు. మీ ఆవిడేరి?”

“ఆవిడకి... ఒంట్లో బాగాలేదండి.”

ఆవిడ ఆ మాట విననట్టే, పుంజు అరుపు వినిపించిన వైపు నడిచింది. వసారాలో ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఎన్నో రోజు?”

“ఇరవై.”

“ఎన్ని?”

“పదకొండు. ఎనిమిది బతికాయి.”

ఆవిడ బుట్ట కింద పెట్టి తనూ నేల మీద కూర్చుంది. “నిన్న సాయంత్రం మాకు అందింది. ఇవాళ వండుదామని పొద్దున్నే పట్టుకుంటే పొట్ట కింద ఒక్క ఈక లేదు, పెనంలా కాలుతోంది. మా అమ్మ కోళ్లు పెంచేది. పొదుగు మీదున్నదాన్ని ఎవరైనా పంపుతారా, ఈవిడకి మతిపోయిందా అనుకున్నా. ముందు పంపిన మూడూ నువ్వు ఇష్టంగా ఇచ్చినవేనన్నారు మీ ఆయన. నీకు థాంక్స్ చెప్పమని ప్రతిసారీ చెప్పా. చెప్పారా?”

“చెప్పారు,” అంది ఆమె. “ఒక తలుపు వేయడం కూడా చేతకాదా అని చెప్పారు.”

చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్న భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేనేజరు గారి భార్య ఆయన వైపు తిరిగి చూసింది. ఏమీ అనలేదు. అంటే ఆయనకి తేలికయ్యేది.

ఆడవాళ్లు ముగ్గురూ కలిసి గుడ్లని గూట్లోకి చేర్చారు. బుట్ట మూత తీయగానే గయ్యాళి ఎగిరి దూకింది. అందరినీ ఒకసారి తిట్టి, సాయం పట్టిన చేతిని కూడా ఒక పోటు పొడిచి, గుడ్ల దగ్గరికి వెళ్లింది. వాసన చూసినట్టు ముక్కుతో తట్టింది. ఒక్కొక్కటే పొట్ట కిందికి లాక్కుంది. కూర్చుంది. ఈకలు ఉబ్బించింది.

ఆటో వెళ్లాక భర్త పెరట్లోకి వచ్చాడు. పరువు తీశావు అన్నాడు. పోస్టు పోయినట్టే అన్నాడు. ఆమె వసారాలో మళ్లీ అదే చోట కూర్చుని ఉంది, కాళ్లు చాపుకుని.

“కోడి వచ్చిందిగా. ఇంక లేస్తావా?”

“కాసేపు కూర్చుంటా.”

“ఒళ్లో ఏమీ లేదుగా!”

“లేదు. ఊరికే కూర్చుంటా.”

మధ్యాహ్నం తనకి లేవాలనిపించినప్పుడు లేచింది. సైకిల్ షాపుకి నడిచి తాళం అడిగింది. “సైకిల్ కొన్నావా కోళ్లమ్మా?” అన్నాడు షాపతను. “లేదు, కోళ్లకి,” అంటే, ముంగిసలు అంత ముదిరాయా అని ఆశ్చర్యపోయాడు. ముదిరాయని చెప్పింది.

ఆమె తాళం తగిలిస్తుంటే భర్త చూశాడు. “నా కళ్లెదుటే తాళమా?”

“ఎదుటే. మీరు లేనప్పుడు చేస్తే దొంగతనంలా ఉంటుంది.”

“చూసినవాళ్లు ఏమనుకుంటారు?”

“ముంగిసకే అనుకుంటారు.” తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకుంది. “తలుపు వేయడం మీకు బాగా వచ్చండీ. అత్తయ్య నేర్పారు. తీసేముందు అడగడం నేను నేర్పుతా. ఇక గూడు సంగతి. అది పీకాలంటే ముందు నన్ను పీకాలి. నేను కూర్చుంటే ఎంతసేపు కూర్చుంటానో చూశారుగా.”

రెండో తాళంచెవి కోసం అత్తగారు చెయ్యి చాపింది. “నీళ్లు పోయాలంటేనో?” ఆమె ఆ చేతి వైపు చూసింది. తెల్లవారుజామున వేణ్నీళ్లు తెచ్చిన చెయ్యి. “ఇప్పుడే కాదు అత్తయ్యా,” అంది. ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నొచ్చుకున్నట్టు లేదు. అడిగి చూద్దామన్నట్టే ఉంది.

సోమవారం పెంకులు చిట్లాయి. పొద్దుగూకేసరికి ఏడు పిల్లలు. ఎనిమిదోది లోపలే ఆగిపోయింది. దాన్ని ఆమె పెరటి మూల పూడ్చింది. ఆ రాత్రి టీ ఎవరు పెట్టుకున్నారో ఆమె పట్టించుకోలేదు.

మంగళవారం రెట్ట గీకి, బూడిద చల్లి, ముంత నింపి, నూకలు పోసి, గొళ్లెం పెట్టి, తాళం వేసి ఏడింటికి బయల్దేరింది. సైకిల్ షాపు మలుపు దగ్గర కాళ్లు అలవాటుగా ఆగాయి. తలుపు వేశానా?

చేతుల్ని అడిగింది. ఈసారి చేతులు పలికాయి.

వేశాం, అన్నాయి. ఆ మూడుసార్లు కూడా వేసే వచ్చాం.